తన తప్పును రాళ్లపై చెక్కించిన రాజు

చరిత్రలో గొప్ప నాయకులు ఎవరని తరగతిలో అడిగితే పిల్లలు ముందుగా యుద్ధాలు గెలిచినవారి పేర్లే చెబుతారు. ఎన్ని రాజ్యాలు జయించాడు, ఎంతదూరం ఏలాడు అన్న లెక్కే పాఠాల్లోనూ ఎక్కువగా కనిపిస్తుంది. మౌర్య చక్రవర్తి అశోకుడు ఆ లెక్కలోనూ వెనకబడడు. అఫ్గానిస్థాన్‌లోని కాందహార్ నుంచి కర్ణాటకలోని చిత్రదుర్గం దాకా ఆయన శాసనాలు దొరికాయి. అయితే అంత పెద్ద రాజ్యాలు ఏలినవారు ఇంకా ఉన్నారు. తాను గెలిచిన యుద్ధంలో ఎంతమంది చనిపోయారో తానే లెక్క చెప్పి, అందుకు బాధపడుతున్నానని జనానికి తెలిసేలా రాళ్లమీద చెక్కించినవారు మాత్రం అరుదు. అశోకుడి జీవితాన్ని పిల్లలకు చెప్పేటప్పుడు అక్కడి నుంచి మొదలుపెడితే బాగుంటుంది.

కళింగకు ముందు

అశోకుడు చంద్రగుప్త మౌర్యుడి మనవడు, బిందుసారుడి కొడుకు. రాజధాని పాటలీపుత్రం, అంటే నేటి పట్నా. యువరాజుగా ఉజ్జయినిలో పాలన చూశాడని బౌద్ధ గ్రంథాలు చెబుతాయి. సింహాసనం కోసం 99 మంది సోదరులను చంపించాడని సింహళ గ్రంథాల్లో ఒక కథ ఉంది. బౌద్ధంలోకి రాకముందు ఆయన ఎంత క్రూరుడో చూపడానికి ఆ కథను పెంచి చెప్పారన్నది చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. ఆయన రాజ్యం చేస్తున్న రోజుల్లోనే సోదరుల, అక్కచెల్లెళ్ల ఇళ్ల ప్రస్తావన శాసనాల్లో కనిపిస్తుంది. క్రీ.పూ. 268 ప్రాంతంలో పట్టాభిషేకం జరిగింది.

పట్టాభిషేకమైన ఎనిమిదేళ్లకు కళింగపై దండెత్తాడు. నేటి ఒడిశా తీరం, ఉత్తరాంధ్రలో కొంత భాగం కలిసిన దేశమది. యుద్ధంలో గెలిచాడు. ఆ గెలుపు ఖరీదు ఎంతో ఆయన 13వ శిలాశాసనం చెబుతుంది. 1,50,000 మందిని అక్కడి నుంచి తరలించుకుపోయారు. లక్షమంది యుద్ధంలో చనిపోయారు. అంతకు ఎన్నో రెట్లమంది ఆ తర్వాత ప్రాణాలు కోల్పోయారు.

ఓడిన రాజ్యంవాళ్లు చెప్పిన లెక్క కాదిది. గెలిచిన రాజు స్వయంగా చెప్పింది. శాసనం అక్కడితో ఆగలేదు. తాము బతికి బయటపడినా ఆప్తులను, స్నేహితులను పోగొట్టుకున్నవాళ్ల బాధ కూడా తనకు బరువుగా ఉందని చెబుతుంది. ఆనాడు నష్టపోయినవారిలో నూరోవంతు, వెయ్యోవంతు మందికి ఇప్పుడు అదే కష్టం కలిగినా తనకు దుఃఖమేనని రాజు చెక్కించాడు. తన కొడుకులు, మనవలు కొత్త విజయాల కోసం తహతహలాడకూడదని కూడా అందులోనే కోరాడు. అదే శాసనంలో, తన రాజ్యంలో ఉన్న జనుల జాబితాలో ఆంధ్రుల పేరు కూడా ఉంది.

దాచుకోని స్వభావం

తన లోపాన్ని తానే చెప్పుకోవడం అశోకుడి శాసనాల్లో ఒక్క కళింగ విషయంలోనే కాదు, ఇంకా కొన్నిచోట్ల కనిపిస్తుంది. కర్ణాటకలోని మస్కి, బ్రహ్మగిరి, కర్నూలు జిల్లాలోని ఎర్రగుడి లాంటి చోట్ల ఉన్న చిన్న శిలాశాసనంలో, తాను బుద్ధుడి ఉపాసకుడినై రెండున్నరేళ్లు దాటినా మొదటి ఏడాది పెద్దగా పట్టుదల చూపలేదని చెప్పుకున్నాడు. ఆ తర్వాత సంఘానికి దగ్గరై గట్టిగా కృషి చేశానన్నాడు. ఆ కృషి గొప్పవాళ్లకే సాధ్యమనుకోవద్దని, చిన్నవాళ్లు కూడా చేయగలరని అదే శాసనంలో ఉంది.

మొదటి శిలాశాసనం రాజుగారి వంటింటి సంగతి చెబుతుంది. ఒకప్పుడు కూరల కోసం రోజూ లక్షల జీవాలను చంపేవారట. శాసనం రాయించే నాటికి అది రెండు నెమళ్లకు, ఒక లేడికి తగ్గింది. లేడి కూడా రోజూ కాదు. ముందుముందు ఆ మూడూ ఉండవని మాట ఇచ్చాడు. పూర్తిగా మానేశానని చెప్పుకోవడం ఆయనకు సులువే. రాజుగారి వంటింట్లోకి తొంగిచూసి అడిగేదెవరు? అయినా ఉన్నది ఉన్నట్టే రాయించాడు.

చేసిన పనులు

పట్టాభిషేకమైన పదో ఏట బుద్ధగయకు వెళ్లాడు. వేటవిహారాలు మాని, పల్లె జనాన్ని కలిసి మాట్లాడే యాత్రలు మొదలుపెట్టాడు. పదమూడో ఏట ధర్మమహామాత్రులనే కొత్త అధికారులను నియమించాడు. ముసలివాళ్ల, దిక్కులేనివాళ్ల, చెరసాలలో ఉన్నవాళ్ల బాగోగులు చూడటం వాళ్ల పని. ఇరవయ్యో ఏట బుద్ధుడు పుట్టిన లుంబినికి వెళ్లి, ఆ ఊరి పన్నును ఎనిమిదోవంతుకు తగ్గించాడు.

దారుల వెంట చెట్లు నాటించాడు, బావులు తవ్వించాడు. మనుషులకు, పశువులకు వేరువేరుగా వైద్యం ఏర్పాటు చేయించాడు. మందు మొక్కలు లేనిచోటికి తెప్పించి నాటించాడు. ఈ వైద్యం తన సరిహద్దు దాటి చోళ, పాండ్య దేశాలకు, కేరళపుత్రులకు, తామ్రపర్ణికి, అంటే శ్రీలంకకు కూడా అందిందని రెండో శిలాశాసనం చెబుతోంది. తాను భోజనం చేస్తున్నా, అంతఃపురంలో ఉన్నా, తోటలో ఉన్నా ప్రజల పని మీద వచ్చినవాళ్లు వెంటనే తనకు చెప్పాలని ఆరో శాసనంలో ఆదేశించాడు. తన మతాన్ని పొగడటం కోసం ఇతరుల మతాన్ని కించపరచవద్దని, మాటలో అదుపు ఉండాలని, ఇతరుల ధర్మాన్ని కూడా వినాలని పన్నెండో శాసనంలో ఉంది.

ఎవరి మాటలో వాళ్లకు

ఇవన్నీ జనానికి తెలిసేదెలా? కాందహార్‌లో గ్రీకులు, ఇరాన్ వైపు నుంచి వచ్చిన అరమాయిక్ తెలిసినవాళ్లు ఉండేవారు. అక్కడ 1958లో దొరికిన శాసనం ఆ రెండు భాషల్లోనే ఉంది. ధర్మం అన్న మాటను గ్రీకులో యూసెబియా అని రాశారు. దైవభక్తికి, పెద్దల పట్ల గౌరవానికి గ్రీకులు రోజూ వాడే మాట అది. నేటి పాకిస్థాన్‌లోని షాబాజ్‌గఢీ, మాన్‌సేరాలలో అక్కడివారికి అలవాటైన ఖరోష్ఠి లిపి వాడారు. దాన్ని కుడి నుంచి ఎడమకు రాస్తారు. మిగతా దేశంలో బ్రాహ్మి లిపి. మాట కూడా ఊరిని బట్టి మారింది. గుజరాత్‌లోని గిర్నార్‌లో రాజా అని ఉన్నచోట ఒడిశాలోని ధౌలిలో లాజా అని ఉంటుంది. తూర్పువాళ్ల నోట ర బదులు ల పలికేది మరి.

దక్షిణాదిలో మాత్రం అలా జరగలేదు. తెలుగు, కన్నడ నేలల్లోని శాసనాలన్నీ ప్రాకృతంలోనే ఉన్నాయి. చిత్రదుర్గం జిల్లా బ్రహ్మగిరి శాసనం రాసిన లేఖకుడి పేరు చపడుడు. శాసనమంతా బ్రాహ్మిలో రాసి, చివర లేఖకుడు అనే అర్థమిచ్చే మాటను ఖరోష్ఠిలో రాశాడు. వాయవ్య దేశం లిపి నేర్చినవాడు కన్నడ నేల దాకా వచ్చాడన్నమాట. చదువు రాని జనానికి, ఆ భాష తెలియని జనానికి విషయం చేర్చే భారం అధికారుల మీద పడింది. జనాన్ని భేరి మోగించి పిలిచి చెప్పాలని ఎర్రగుడి శాసనంలో ఉంది. ఏనుగులు నడిపేవాళ్లు, లేఖకులు, బ్రాహ్మణులు తమ దగ్గర నేర్చుకునే శిష్యులకు తల్లిదండ్రులను, గురువులను గౌరవించడం నేర్పాలన్న మాటా అక్కడే ఉంది. ఉపాధ్యాయులకు నేరుగా పని అప్పజెప్పిన శాసనమిది.

ఒప్పుకోని చోటు

అశోకుణ్ణి గొప్పవాడని చెప్పేటప్పుడు మిగతా సగం కూడా పిల్లలకు చెప్పాలి. ధౌలిలోను, గంజాం జిల్లాలోని జౌగఢలోను, అంటే సరిగ్గా కళింగలోనే, ఆ 13వ శాసనం లేదు. మన ఎర్రగుడిలో ఉంది, కాందహార్‌లో గ్రీకులో ఉంది. దెబ్బ తిన్న నేలమీద లేదు. ఆ గాయాన్ని మళ్లీ రేపడం ఇష్టంలేకనా, తిరుగుబాటు వస్తుందన్న జంకుతోనా అన్నది చరిత్రకారుల మధ్య ఇప్పటికీ చర్చే. జయించిన కళింగను ఆయన వదులుకోలేదు. మరణశిక్షను రద్దు చేయలేదు. శిక్ష పడినవాళ్లకు మూడు రోజుల గడువు మాత్రం ఇచ్చాడు. పశ్చాత్తాపం చెప్పిన శాసనంలోనే అడవి జనాన్ని హెచ్చరించాడు కూడా.

కళింగలో ఆ శాసనం బదులు వేరే రెండు శాసనాలు చెక్కించాడు. అవి ప్రజలకంటే ముందు అధికారులను ఉద్దేశించినవి. మనుషులందరూ తన బిడ్డల్లాంటివాళ్లని, కారణం లేకుండా ఎవరినీ చెరలో పెట్టకూడదని, బాధించకూడదని వాటిలో ఆదేశించాడు. అసూయ, కోపం, కరకుతనం, తొందరపాటు, బద్ధకం ఉన్న అధికారి న్యాయం చేయలేడని హెచ్చరించాడు. తప్పును అక్కడ నోటితో ఒప్పుకోకపోయినా, అది మళ్లీ జరగకుండా తన మనుషుల చేతులు కట్టే ప్రయత్నం చేశాడు. అది సరిపోతుందా అన్న ప్రశ్నను హైస్కూలు పిల్లల ముందు పెట్టవచ్చు. వాళ్లు రెండువైపులా బాగా వాదిస్తారు.

మరచి, మళ్లీ గుర్తుచేసుకుని

క్రీ.పూ. 232 ప్రాంతంలో అశోకుడు చనిపోయాడు. అర్ధశతాబ్దానికల్లా మౌర్య రాజ్యం పోయింది. కాలక్రమంలో ఆ లిపి చదవగలిగేవాళ్లే లేకుండా పోయారు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మిని చదవగలిగాడు. అయితే శాసనాల్లో దేవానాంప్రియుడు, ప్రియదర్శి అన్న బిరుదులే కనిపించాయి. 1915లో రాయచూరు జిల్లా మస్కిలో బీడన్ అనే గనుల ఇంజినీరు కంటపడిన శాసనంలో అశోకుడి పేరు స్పష్టంగా కనిపించింది. శాసనాల ప్రియదర్శి, బౌద్ధ గ్రంథాల అశోకుడు ఒక్కరేనన్నది దాంతో రూఢి అయింది. ఆయన సారనాథ్ సింహాలు 1950 నుంచి మన జాతీయ చిహ్నం. జెండా మీది చక్రం కూడా ఆ స్తంభం నుంచి తీసుకున్నదే.

రాయచూరు, బళ్లారి వైపు ఉన్న బడులకు మస్కి, బరంపురం వైపువాళ్లకు జౌగఢ దూరమేమీ కాదు. పిల్లలను తీసుకెళ్లి ఆ రాతిముందు నిలబెడితే పాఠం వేరుగా ఉంటుంది. జౌగఢ, ధౌలి శాసనాల్లో ఉపాధ్యాయులకు నచ్చే ఆజ్ఞ ఒకటి ఉంది. ఈ శాసనాన్ని తిష్య నక్షత్రం ఉన్న రోజుల్లో చదివి వినిపించాలి, మధ్య మధ్య వీలైనప్పుడు కూడా వినిపించాలి, వినడానికి ఒక్క మనిషే ఉన్నా సరే చదవాలి అని. నలుగురైదుగురు పిల్లలతో తెలుగు తరగతి నడిపే పంతుళ్లకు ఆ మాట ఎంత పెద్దదో వేరే చెప్పనక్కర్లేదు.