ఇసుకలో వ్రాసిన పాఠము
(జోసయా స్పియర్స్ జీవిత విశేషములు)



ఏటేటా మే నెలలో మన దేవాలయ ఆవరణలు పిల్లల పాటలతో మారుమ్రోగుతాయి. వెకేషన్ బైబిల్ స్కూలులో పిల్లలు ఎంతో నేర్చుకొందురని మనమందరము ఎరుగుదుము. అయితే వారికి నేర్పేవాడు కూడ అక్కడే ఎదుగుతాడనే సంగతి మనకు అంతగా తోచదు. ఈ సత్యమును తన జీవితముతో చూపించిన ఒక సామాన్య విశ్వాసిని గూర్చి ఈ శతవార్షికోత్సవ సంచికలో నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాను.

జోసయా స్పియర్స్ 1837లో ఇంగ్లండు దేశములో జన్మించారు. ఆయన గురువు కారు, బిషప్పు కారు. లండనులో ఉద్యోగము చేసుకొంటూ బ్రతికిన మనిషి. ఆ రోజులలో పిల్లలు పెద్దల ఆరాధనలో బల్లలమీద కదలక మెదలక కూర్చొని, తమకు అర్థముకాని దీర్ఘ ప్రసంగములు వినవలసి వచ్చేది. 1867లో ఎడ్వర్డ్ పేసన్ హేమండ్ అనే అమెరికా సువార్తికుడు లండను వచ్చి, పిల్లల కొరకే కూటములు జరిపించారు. వాటిని చూచిన స్పియర్స్‌గారి హృదయము కదిలింది. ఆ సంవత్సరము జూన్ 2వ తేదీన ఇస్లింగ్టన్ ప్రాంతములో ఒక ఇంటి ముందు గదిలో 15 మంది పిల్లలను కూర్చోబెట్టుకొని పరిచర్య ఆరంభించారు. త్వరలోనే ఆ గది చాలలేదు. టామ్ బిషప్ అనే మిత్రుడు ఆయనకు తోడైనారు. (బిషప్ అనునది ఆయన ఇంటి పేరే గాని హోదా కాదు!) ఆ విధముగా చిల్డ్రన్స్ స్పెషల్ సర్వీస్ మిషన్ పుట్టినది.

మరుసటి వేసవిలో, అనగా 1868లో, స్పియర్స్‌గారు వేల్స్ దేశములోని లాండుడ్నో సముద్రతీరమునకు సెలవులకు వెళ్లారు. అక్కడ ఆడుకొనుచున్న పిల్లలను పిలిచి, యోహాను మొదటి పత్రిక 4వ అధ్యాయములో దేవుని ప్రేమను తెలిపే మూడు ఆంగ్ల మాటలను ఇసుకలో పెద్ద అక్షరములుగా గీశారు. పిల్లలు గవ్వలు, గులకరాళ్లు, సముద్రపు నాచు ఏరి తెచ్చి ఆ అక్షరములను అలంకరించారు. పని ముగిసిన తరువాత ఆయన వారికి కథ చెప్పారు. సముద్రతీరపు వేసవి కూటములకు అదే నాంది.

ఆ అక్షరములను అలలు చెరిపివేసి ఉండును. పని మాత్రము చెరగలేదు. స్పియర్స్‌గారు తుదకు ఉద్యోగము విడిచి ఈ సేవకే అంకితమైనారు. విశ్వవిద్యాలయ విద్యార్థులు వేసవి సెలవులలో ఈ కూటములలో సహాయము చేయసాగారు. పెద్ద చదువులు చదివిన యువకులు చిన్నపిల్లలకు అర్థమగునట్లు మాటలాడుట అక్కడే నేర్చుకొన్నారు. ఈ పరిచర్యనుండియే 1879లో స్క్రిప్చర్ యూనియన్ బయలుదేరినది. యానీ మార్‌స్టన్ అనే సండేస్కూలు ఉపాధ్యాయిని తన విద్యార్థినుల కొరకు అనుదిన పఠన భాగముల పట్టికలు తయారుచేయుటయే దానికి ప్రేరణ. 19వ శతాబ్దము ముగియకముందే ఈ పరిచర్య మన దేశమునకు చేరినది. స్పియర్స్‌గారు 1909లో ప్రభువునందు నిద్రించారు.

వేదాంత కళాశాలనుండి వచ్చిన క్రొత్తలో నేను జరిపిన మొదటి వి.బి.ఎస్. ఇక్కడ గుర్తుకు వచ్చుచున్నది. ఒక పిల్లవాడు రోజూ రెండేండ్ల చెల్లెలిని చంకనెత్తుకొని వచ్చేవాడు. ఆ పాప ఏడిస్తే నా పాఠము చెడిపోతున్నదని విసుగుకొని, పాపను తీసుకురావద్దని చెప్పాను. మరునాడు వాడూ రాలేదు. వెదకుచు వారి ఇంటికి వెళ్లితిని. తల్లి మిరపకాయల కోతకు కూలికి వెళ్లినది. వాడు గడపలో కూర్చొని పాపకు నేను నేర్పిన పాటే పాడి నిద్రపుచ్చుచున్నాడు. నాకు తల ఎత్తలేనంత సిగ్గు కలిగింది. క్షమించమని అడిగి ఇద్దరినీ వెంటబెట్టుకొని వచ్చాను. కళాశాలలో నాలుగేండ్లు చదివినా పట్టుబడని పాఠము ఆ గడపలో నేర్చుకొన్నాను.

స్పియర్స్‌గారు పిల్లలు తన యొద్దకు వచ్చువరకు కాచుకొని ఉండలేదు. వారు ఆడుకొనే చోటికే వెళ్లి, ఇసుకలో మోకరించారు. ఆ విధముగా వంగినవాడే ఎదుగును.

మన డయోసిస్ నూరేండ్లు పూర్తిచేసుకొన్న ఈ శుభ సమయమున, రానున్న వేసవిలో పిల్లల మధ్య కూర్చొనుటకు యౌవనస్థులు, స్త్రీలు, పెద్దలు ముందుకు రావలెనని కోరుచున్నాను. అట్టి కృప ప్రభువు మనకందరికి అనుగ్రహించును గాక. ఆమేన్.