రొదలో మాటను నిలబెట్టిన క్లాడ్ షానన్



ఈసారి మన గోడపత్రికలో ఒక దూరదేశపు శాస్త్రవేత్త జీవితం రాస్తున్నాను. మన పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు పెద్దగా కనిపించదు. కానీ ఆయన కనిపెట్టిన సంగతి వార్డెన్ సారు జేబులోని ఫోన్‌లో రోజూ పని చేస్తూనే ఉంటుంది.

మన ఉట్నూర్ చుట్టూ గుట్టలు, అడవి. వానకాలంలో ఫోన్ మాట తెగుతూ తెగుతూ వస్తుంది. ఇంటి నుంచి చెల్లెకు జ్వరం తగ్గింది అని చెప్తే, అది తగ్గలేదు అని చెవిన పడితే ఆ రాత్రి మనకు నిద్ర పడుతుందా? ఉరుములు, మోటార్ల నిప్పురవ్వలు, చివరికి యంత్రం లోపలి వేడి కూడా రేడియో తరంగంలో కలిసి రొద చేస్తాయి. రొద లేని దారి ఎక్కడా లేదు. మరి మాట సరిగ్గా చేరేదెట్ల? ఈ ప్రశ్నకు లెక్కతో జవాబు చెప్పిన మనిషే క్లాడ్ షానన్.

ఆయన 1916 ఏప్రిల్ 30న అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో పుట్టారు. గేలార్డ్ అనే చిన్న ఊరిలో పెరిగారు. తల్లి టీచరు. చిన్నప్పుడు షానన్, ఆయన దోస్తు పొలాల ముళ్లతీగ కంచెనే తీగగా వాడుకొని అర మైలు దూరం టెలిగ్రాఫ్ నడిపిండ్రు. మన చేన్ల చుట్టూ ఉన్న కంచెలాంటిదే అది! పాత రేడియోలు బాగుచేసి, టెలిగ్రాములు ఇంటింటికీ అందించి సొంతంగా నాలుగు డబ్బులు సంపాదించేవారు.

1936లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు, గణితం రెండూ పూర్తి చేశారు. ఆ తర్వాత ఏం చేయాలి అనుకుంటున్నప్పుడు గోడ మీద నోటీసు బోర్డులో ఒక చిన్న కార్డు కనిపించింది. ఎం.ఐ.టి.లో ఒక లెక్కల యంత్రాన్ని నడపడానికి మనిషి కావాలని అందులో ఉంది. దరఖాస్తు పెట్టారు, పని దొరికింది. చూసిండ్రా, గోడ మీది కాగితాన్ని చదివితే ఎంత లాభమో! అక్కడే, 1937లో, స్విచ్ వేయడం 1, ఆపడం 0 అనుకుంటే తర్కాన్నంతా స్విచ్చులతో చేయించవచ్చని చూపించారు. ఇప్పటి కంప్యూటర్లకు అదే పునాది. అప్పటికి ఆయన వయసు 21 ఏళ్లే.

1941లో బెల్ లేబొరేటరీస్‌లో చేరారు. యుద్ధకాలంలో రహస్య సంకేతాల మీద పనిచేశారు. 1948లో సమాచారం గురించి రాసిన పెద్ద వ్యాసం ఆ సంస్థ పత్రికలో జూలై, అక్టోబరు సంచికల్లో అచ్చయింది. మాటైనా, పాటైనా, బొమ్మైనా అన్నిటినీ 1, 0 అనే బిట్లతో కొలవవచ్చని అందులో చెప్పారు.

ఆ వ్యాసంలోని అసలు సంగతి అర్థం కావాలంటే ఒక ఆట చెప్తాను. నేను, మా రూములోని ఇద్దరు దోస్తులు ఆడి చూసినం. ఒకడు పంపేటోడు, ఒకడు అందుకునేటోడు, నేను రొదను! జ్వరం తగ్గితే 1, తగ్గకపోతే 0. పంపేటోడు చీటీ రాసి ఇస్తడు. నేను లూడో పాచిక వేస్తా. 6 పడితే బిట్టును తిరగరాస్తా, వేరేది పడితే ఉన్నది ఉన్నట్టే ఇస్తా. లెక్క ప్రకారం నూటికి దాదాపు 17 తప్పుగా చేరాలి.

కేస్లాపూర్ నాగోబా జాతరలో తప్పిపోయిన పిల్లగాని పేరు మైకులో ఒక్కసారి చెప్పి ఊకోరు కదా, మళ్లీ మళ్లీ చెప్తరు. మేము కూడా ప్రతి బిట్టును మూడుసార్లు పంపినం. మూడింట్లో ఏది ఎక్కువ వస్తే అదే నిజమనుకోవాలె. అప్పుడు తప్పులు 216కి 16, అంటే నూటికి 7 చొప్పున తగ్గుతాయి. ఐదుసార్లు పంపితే నూటికి మూడున్నర. మా చీటీలు లెక్కపెడితే అటూ ఇటుగా అట్లనే వచ్చినయి. కానీ చీటీలు ఐదింతలు ఖర్చు!

అందుకే తప్పులు పూర్తిగా పోవాలంటే వేగాన్ని తగ్గించుకుంటూ పోవాల్సిందే అని అప్పటి ఇంజనీర్లు అనుకునేవారు. షానన్ అది నిజం కాదని రుజువు చేశారు. ప్రతి దారికీ ఒక హద్దు ఉంది. ఆ హద్దు దాటనంత వరకు, బిట్లను పెద్ద పెద్ద గుంపులుగా తెలివిగా కట్టి పంపితే తప్పులు ఎంత తక్కువ కావాలంటే అంత తక్కువ చేయవచ్చు. మా పాచిక దారికి ఆ హద్దు 100 బిట్లకు దాదాపు 35. మూడుసార్లు చెప్పే పద్ధతిలో 33 చేరతాయి గానీ అందులో తప్పులు ఉంటాయి. షానన్ లెక్కలో ఇంచుమించు 35 దాకా శుభ్రంగా చేరతాయి. ఎట్లా కట్టాలో మాత్రం ఆయన చెప్పలేదు, దారి ఉందని మాత్రం చూపించారు.

ఆ దారి వెతకడానికి చాలామంది కదిలిండ్రు. ఆయనతో పనిచేసిన హామింగ్, 4 బిట్లకు 3 కాపలా బిట్లు కలిపి, ఏ ఒక్కటి తప్పినా పట్టుకునే ఉపాయం చెప్పారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన మన తెలుగాయన సి.ఆర్.రావు 1940లలో వేరే పని మీద వేసిన లెక్కలు కూడా ఈ శాస్త్రానికి పనికొచ్చాయి. 1989లో వోయేజర్-2 నెప్ట్యూన్ బొమ్మలు పంపినప్పుడు దాని రేడియో బలం సుమారు 20 వాట్లు, అంటే మన వరండా బల్బంత. అయినా బొమ్మలు చెడకుండా వచ్చాయంటే ఈ విద్య వల్లనే.

ఇప్పుడు కొత్త రేడియో తయారు చేసేవాళ్లు మా పాచిక ఆటనే కంప్యూటర్‌లో ఆడతారు. లక్షల బిట్ల మీద దొంగ రొద చల్లి, ఎన్ని తిరగబడ్డాయో లెక్కపెడతారు. ఫోను గుట్టల్లోకి రాకముందే గుట్టల రొదను అది రుచి చూస్తుందన్నమాట.

షానన్ సరదా మనిషి. ఒంటి చక్రం సైకిల్ తొక్కుతూ, బంతులు ఎగరేస్తూ తిరిగేవారు. 1950లో చిక్కుదారిలో తోవ నేర్చుకునే యంత్రపు ఎలుకను చేశారు. 1956 నుంచి ఎం.ఐ.టి.లో పాఠాలు చెప్పారు. 1985లో జపాన్ వారి క్యోటో బహుమతి అందుకున్నారు. చివరి రోజుల్లో మతిమరుపు జబ్బు వచ్చింది. ప్రపంచమంతా సెల్‌ఫోన్లు వచ్చే సమయానికి, అది తన చలవేనని ఆయనకు గుర్తు లేదు. 2001 ఫిబ్రవరి 24న, 84వ ఏట కన్నుమూశారు.

మిత్రులారా, మన ఊళ్లు దూరం, మన మాట మెల్లగా వినిపిస్తుంది అని చిన్నబోవద్దు. రొద ఉంటుంది, ఎప్పుడూ ఉంటుంది. గొంతు పెంచడం ఒక్కటే ఉపాయం కాదు, మాటను తెలివిగా కట్టడం నేర్చుకోవాలె. లెక్కలు కష్టమనుకునేవాళ్లు ఆదివారం మా రూముకు రండి, పాచిక మా దగ్గరే ఉంది. ఈసారి రొద మీరే కావచ్చు!

ఇట్లు,
మీ తొమ్మిదో తరగతి మిత్రుడు