కథా? తీరా? – మన బి.ఎన్. రెడ్డి

మా హాస్టల్లో సినిమా మాటొస్తే చాలు, రెండు పక్షాలు తయారు. కథ గట్టిగా ఉంటే చాలు, తక్కిన సింగారమంతా దండగ అనేది ఒక పక్షం. కథలన్నీ పాతవే, చెప్పిన తీరే అసలు సంగతి అనేది ఇంకొక పక్షం. ఈ తగవుకు జవాబు మన కడప జిల్లా మనిషి బతుకులోనే ఉందని నేనంటాను.

బొమ్మిరెడ్డి నరసింహారెడ్డి 1908 నవంబరు 16న పులివెందుల దగ్గర కొత్తపల్లిలో పుట్టినాడు. వానకోసం మొగులుకేసి చూసే మెట్టపొలాల సీమ అది. మద్రాసు చేరి, 1938లో 'గృహలక్ష్మి' నిర్మాణంలో పాలుపంచుకున్నాడు. మరుసటేడు మూలా నారాయణస్వామి అండతో వాహినీ సంస్థ తరఫున 'వందేమాతరం' తీసినాడు. తర్వాత 'సుమంగళి' (1940), 'దేవత' (1941), 'స్వర్గసీమ' (1945). వితంతు వివాహం, మోసపోయిన పనిపిల్ల, చెదిరిన కాపురం – అన్నీ కథాబలమున్న సాంఘికాలే.

1951లో ఇద్దరు సీమవాళ్లు రెండు దారులు చూపినారు. వాహినీలోనే ఎదిగిన తాడిపత్రి కె.వి. రెడ్డి 'పాతాళభైరవి' తీసినాడు. తర్వాతేమవుతుందో అని ఊపిరి బిగబట్టించే కథ అది. బి.ఎన్. 'మల్లీశ్వరి' తీసినాడు. రెండింటా కథానాయకుడు రామారావే.

'మల్లీశ్వరి' కథ నిజానికి చాలా ఉత్కంఠ ఉన్నదే. మారువేషంలో తిరిగే రాయలవారు, నవ్వులాటకు అన్న మాటతో ఇంటిముందుకొచ్చిన పల్లకి, పరపురుషుడు అడుగుపెడితే తల పోయే రాణివాసం, రాత్రివేళ దొంగచాటుగా అందులోకి దూరే శిల్పి నాగరాజు. ఇంకొకరి చేతిలో పడితే గూఢచారి సినిమా అయ్యుండును! బి.ఎన్. మాత్రం తొందరపడలేదు. పాడుబడిన మంటపంలో వానకు తలదాచుకున్న బావామరదళ్ల దగ్గర ఆగినాడు. దేవులపల్లి కృష్ణశాస్త్రిని సినిమాకు తెచ్చి మాటలు, పాటలు రాయించినాడు. సాలూరి రాజేశ్వరరావు సంగీతం, ఎ.కె. శేఖర్ కళ, భానుమతి గొంతు – ఇవి కథకు తొడిగిన నగలు కావు. ఆ వాన చూడకపోతే, ఆ పల్లకి ఏం లాక్కుపోయిందో మనకు తెలీదు. వాన విలువ తెలిసిన సీమవాళ్లకు ఇది వేరే చెప్పాల్నా?

హిచ్‌కాక్ 1946లో తీసిన 'నొటోరియస్' కూడా ఇంతే. సారా సీసాల్లో దాచిన యురేనియం ఒక సాకు. ప్రేమించిన మగువను శత్రువు ఇంటికి పంపినవాడి గుండెకోతే అసలు సినిమా.

అయితే తీరొక్కటే చాలునా? చాలదు. 1960లో బి.ఎన్. 'రాజమకుటం' తీసినాడు. తండ్రిని చంపినవాళ్ల నడుమ పిచ్చివాడుగా నటిస్తూ, ముసుగు వేసుకుని తిరుగుబాటు నడిపే యువరాజు కథ. ఎత్తులకూ సాహసాలకూ కొదవలేదు. కానీ, ఈ రోజు ఆ కథ చెప్పమంటే ఎందరు చెప్తారు? పి. లీల పాడిన జోలపాట మాత్రం జనం నోట నిలిచింది. కథ ఒక దారి, తీరు ఒక దారి పోతే ఇట్లే అవుతుంది. రెండూ కలిసినచోట 'బంగారుపాప' పుట్టింది. జార్జ్ ఇలియట్ నవలను పాలగుమ్మి పద్మరాజు తెలుగు చేస్తే, మొరటు కమ్మరి కోటయ్యగా ఎస్.వి. రంగారావు ఒక పసిబిడ్డ ముందు కరిగిపోయినాడు.

ముప్పై ఏండ్లలో ఆయన తీసినవి పదకొండే. 1974 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం వచ్చింది. దక్షిణాదిన దాన్ని అందుకున్న మొదటివాడు ఆయనే. 1977 నవంబరులో కన్నుమూసినాడు.

సీమ అంటే కత్తులూ కక్షలే అని తెరమీద చూపించి చూపించి మనల్నే నమ్మించినారు. తెలుగు తెరకు అంత సౌకుమార్యం నేర్పినవాడు పులివెందుల పక్క పల్లెవాడని మన కాలేజీలోనే ఎందరికి తెలుసు? కథ ఎక్కడ ఆగాలో తెలియడమే తీరు. అది తెలిసినవాడు మన ఊరివాడు. ఈసారి వాదనకు దిగే ముందు 'మల్లీశ్వరి' ఒకసారి చూసి రండి, మిత్రులారా.