కవికోకిల జాషువ

మనుష్యుని మనస్సును నొప్పించుటకు దూషణమే కానక్కఱలేదు. మెప్పు వెంట వచ్చిన చిన్న ప్రశ్నయు నొప్పింపగలదు. గుఱ్ఱము జాషువగారి జీవితమే ఇందుకు నిదర్శనము.

జాషువగారు 1895వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన, నేడు పల్నాడు జిల్లాలోనున్న వినుకొండలో జన్మించిరి. తండ్రి వీరయ్యగారు యాదవులు. తల్లి లింగమాంబగారు మాదిగ కులమున పుట్టినవారు. వారిది క్రైస్తవ కుటుంబము. జాషువగారు జూపూడి హనుమచ్ఛాస్త్రిగారి యొద్ద సంస్కృత కావ్యములు చదివిరి. ఉభయభాషాప్రవీణ పరీక్షలో ఉత్తీర్ణులై గుంటూరులో తెలుగు పండితులుగా పనిచేసిరి.

వినుకొండలో ఒక అవధాన సభయందు ఆయన పద్యములు చదువగా, తక్కువ కులమువానిని సభలోనికి ఏల రానిచ్చితిరని కొందఱు నిందించిరి. అది బహిరంగమైన అవమానము. ఇంతకంటె సూక్ష్మమైన అవమానము మఱియొకటి కలదు. పద్యము విని తలయూచి మెచ్చుకొనినవారే, మాటల నడుమ కులమేమని అడిగెడివారు. సమాధానము వినగానే లేచి వెడలిపోయెడివారు. ఈ బాధను ఆయన పద్యముగా చెప్పుకొనిరి. అడిగినవారు పగవారు కారు. పరిచయమైనంతనే కులమడుగుట వారికి వాడుక. తామొక గాయము చేయుచున్నామని వారెఱుగరు. ఎఱుగకపోవుటచేతనే ఆ వాడుక చిరకాలము నిలిచినది.

పురాణ కథలు వ్రాయుచున్నాడని స్వమతస్థులలోను కొందఱు ఆయనను దూరముంచిరి. రెండు వైపులను తలుపులు మూసికొన్నను ఆయన కలము ఆగలేదు. 1941లో వెలువడిన ‘గబ్బిలము’ కావ్యమున, గుడిలోనికి పోజాలని యొక నిరుపేద, గుడిలో వ్రేలాడు గబ్బిలము ద్వారా కాశీ విశ్వనాథునకు తన మొఱను పంపుకొనును. గబ్బిలమునకు లేని అడ్డు మనుష్యునకు ఏలయని ఆ కావ్యము అడుగుచున్నది.

కులమును చూడని పెద్దలును లేకపోలేదు. కవిగురువు చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు జాషువగారి పాదమును తాకి, స్వయముగా గండపెండేరము తొడిగిరి. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించెను. 1970లో పద్మభూషణ్ బిరుదము వచ్చెను. 1971 జూలై 24న ఆయన పరమపదించిరి.

కాయకమును, శీలమును చూడవలెను గాని పుట్టుకను చూడరాదని 12వ శతాబ్దముననే బసవేశ్వరుడు బోధించెను. ఆయనను కొలుచు ఇండ్లలో సైతము అతిథి పాదములు కడుగుకొనకమునుపే కులమును, శాఖను అడుగుట కలదు. ఫలానావాడైనను చక్కగా చదివినాడని మెచ్చుకొనుటయు కలదు. ఆ ‘ఐనను’ అను పదములో ఎంత తక్కువతనము దాగియున్నదో మెచ్చుకొనువానికి తెలియదు; విన్నవానికి తెలియును. ఇట్టి మాట నోట వచ్చునపుడు జాషువగారిని తలచుకొని నాలుకను ఆపుకొనుటయే ఆ మహాకవికి నిజమైన నివాళి.