స్వామి జ్ఞానానంద

స్వామి జ్ఞానానంద 1896వ సంవత్సరమున, నేటి పశ్చిమ గోదావరి జిల్లాయందలి గొరగనమూడి గ్రామమున జన్మించెను. పూర్వనామము భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. యౌవనముననే ఇల్లు విడిచి, హిమాలయములకేగి యోగసాధన చేసెను. పిమ్మట జర్మనీ దేశమునకు వెడలగా, అచ్చట భౌతికశాస్త్రముపై మక్కువ కలిగెను. ముప్పదియేండ్లు దాటిన సన్న్యాసి మరల విద్యార్థియయ్యెను. ప్రేగ్ నగరమున ఎక్స్-కిరణములను గూర్చి పరిశోధించి డాక్టరు పట్టమందెను. తరువాత ఇంగ్లండునందలి లివర్‌పూల్‌లో, న్యూట్రానును కనుగొనిన చాడ్విక్ పండితునికడ బీటా కిరణములను పరిశోధించెను.

బీటా కిరణములనగా పరమాణు కేంద్రమునుండి వెలువడు ఎలక్ట్రానులు. కంటికి కానరాని వాని శక్తిని కొలుచుటెట్లు? అయస్కాంతక్షేత్రమున అవి వంగి పయనించును. శక్తి తక్కువైనది ఎక్కువగా వంగును. గాలి అడ్డుపడిన కొలత తప్పును గనుక, పరికరమునందలి గాలిని వీలైనంతవరకు తీసివేయవలెను. ఎలక్ట్రాను గైగర్ గణకమున ప్రవేశించినపుడు అందలి వాయువున చిన్న విద్యుత్స్పందనము పుట్టును. ఎలక్ట్రానిక్ సాధనములు దానిని పెంచి లెక్కించును. ఆకాశమునుండి వచ్చు విశ్వకిరణములును ఇట్టి స్పందనములను పుట్టించును; వానిని మినహాయించిననే లెక్క సరియగును. గాలిని తొలగించి శూన్యమును కల్పించుట, దానిని కొలుచుట అను విషయములపై ఆయన రచించిన ఆంగ్లగ్రంథము 1947లో వెలువడెను.

అటుపిమ్మట స్వదేశమున ఢిల్లీలోని జాతీయ భౌతికశాస్త్ర ప్రయోగశాలలో పనిచేసెను. 1950వ దశకమున వాల్తేరునకు వచ్చి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున అణుభౌతికశాఖను నెలకొల్పి, తెలుగు విద్యార్థులకు ఆ సూక్ష్మవిద్యను నేర్పెను.

1969లో ఆయన పరమపదించెను. అచ్చటి అణుపరిశోధనశాలలు ఆయన పేరనే వెలసినవి. వయసు మీరినదని విద్యకు వెనుదీయరాదని ఆయన జీవితము మనకు బోధించుచున్నది.