గమ్యం చెప్పని కమాండర్

1943 ఫిబ్రవరి మొదట్లో బెర్లిన్‌లో ఉన్న ఒక హైదరాబాదీ యువకుడు పెట్టె సర్దుకున్నాడు. దూర ప్రయాణమని మాత్రమే అతనికి తెలుసు. ఎక్కడికి, ఎందులో, ఎన్నాళ్లు అన్నది చివరి ఘడియ దాకా ఎవరూ చెప్పలేదు. రైలు కీల్ రేవుకు చేర్చింది. అక్కడ జర్మన్ జలాంతర్గామి యూ-180 సిద్ధంగా ఉంది. ఆ యువకుడు ఆబిద్ హసన్. చెప్పకుండా వెంట తీసుకెళ్తున్న మనిషి నేతాజీ సుభాష్ చంద్రబోస్.

సైనికుణ్ని చీకట్లో ఉంచి కమాండర్ అతని విధేయతను నిలుపుకోగలడా? బిలాస్‌పూర్‌ను ఆనుకున్న మా మోప్కాలో ఈ ప్రశ్న మీద ఓ జనవరి 23న చిన్న వాదన నడిచింది. నేతాజీ జయంతికి నలుగురు తెలుగువాళ్లం కూర్చున్నాం. దాదాపు అందరం రైల్వే పింఛనుదార్లమే. మిలిటరీ స్పెషల్ నడిపినప్పుడు తన సెక్షన్ ఎక్కడ ముగుస్తుందో తప్ప బండి చివరికి ఎక్కడికి పోతుందో తనకెప్పుడూ తెలియదని, అయినా బండి ఆపలేదని మా వీధి రిటైర్డ్ లోకో పైలట్ అన్నాడు. సైన్యంలో హవల్దారుగా చేసి వచ్చిన ఇంకొకాయన ఒప్పుకోలేదు. చెప్పకపోవడం వేరు, అబద్ధం చెప్పడం వేరన్నాడు. హసన్ కథ తెలిసినవాణ్ని కనుక ఇద్దరికీ అదే చెప్పాను.

హసన్ 1911లో హైదరాబాద్‌లో పుట్టారు. అసలు పేరు జైనుల్ ఆబిదీన్ హసన్. తల్లి ఫఖ్రుల్ హాజియా గాంధీ అనుయాయి, బ్రిటిష్ పాలనంటే గిట్టని మనిషి. కొడుకు సబర్మతి ఆశ్రమంలో కొన్నాళ్లుండి, తర్వాత ఇంజినీరింగ్ చదువుకు జర్మనీ వెళ్లారు. అక్కడికి 1941 ఏప్రిల్‌లో నేతాజీ వచ్చారు. ఆ రాకే ఒక మారువేషాల పరంపర. జనవరిలో కలకత్తా ఎల్గిన్ రోడ్డు ఇంట్లోంచి జియావుద్దీన్ అనే పఠాన్‌గా బయటపడి, గోమో స్టేషన్లో రైలెక్కి, పెషావర్, కాబూల్ దాటి, ఒర్లాండో మజ్జొట్టా అనే ఇటాలియన్ పేరుతో బెర్లిన్‌లో దిగారు. (గోమో పేరెత్తితే మా రైల్వేవాళ్లకు అదో గర్వం. అక్కడ డ్యూటీ చేసినా చేయకపోయినా సరే.) హసన్ చదువు పక్కనపెట్టి ఆయనకు కార్యదర్శి అయ్యారు, దుబాసీ అయ్యారు. జైహింద్ నినాదాన్ని రూపొందించింది హసనే అంటారు.

ఉత్తర ఆఫ్రికాలో జర్మన్లకు, ఇటాలియన్లకు పట్టుబడిన భారత సిపాయిలను అన్నాబుర్గ్ శిబిరంలో పెట్టారు. వాళ్లను ఒప్పించి సైన్యంగా మార్చే పనిలో హసన్ ముందున్నారు. మొదట్లో సిపాయిలు మొహం తిప్పుకున్నారు. బ్రిటిష్ రాజుకు ఒకసారి ప్రమాణం చేసినవాళ్లు మరి. క్రమంగా ఆ దళం మూడు వేలు దాటింది. అదే ఇండియన్ లీజియన్. వాళ్లు చేసిన ప్రమాణంలో పోరాటానికి నాయకుడిగా బోస్ పేరుంది, జర్మన్ సేనలకు అధిపతిగా హిట్లర్ పేరూ ఉంది. సిపాయికి అర్థమైంది మాత్రం మొదటి పేరే. భారత్ కోసం, బోస్ వెంట.

ఆ బోస్ వెళ్లిపోతున్నాడని ఆ మూడు వేల మందికీ చెప్పలేదు. ఆయన ఫిబ్రవరి 9న కీల్ నుంచి సముద్రంలోకి దిగాక, ముందే రికార్డు చేసిన ప్రసంగాలు రేడియోలో వినిపించారు, ఇంకా యూరప్‌లోనే ఉన్నాడని శత్రువు నమ్మాలని. శత్రువుతో పాటు సొంత సైనికులూ నమ్మారు. దీన్ని నేను తప్పుపట్టను. ఒక్క మాట పొక్కినా ఆ జలాంతర్గామి అట్లాంటిక్ అడుగుకు చేరేది.

లోపల మూడు నెలల బతుకు ఎలా ఉండేదో మనకు తెలిసింది హసన్ చెప్పిన జ్ఞాపకాల వల్లే. గాలికీ రొట్టెకూ ఒకటే డీజిల్ వాసన. హసన్ ఎక్కడో బియ్యం, పప్పు సంచులు కనిపెట్టి అన్నం వండిపెట్టేవారు. నేతాజీ తినకుండా జర్మన్ అధికారులను కూడా భోజనానికి పిలిచేవారు. సరుకు అయిపోతుందని హసన్ బెంగ. రాత్రుళ్లు నిద్ర ఉండేది కాదు. తన పుస్తకం ది ఇండియన్ స్ట్రగుల్‌కు మార్పులు చెబుతుంటే హసన్ రాసుకోవాలి. జపాన్ ప్రధాని టోజో ఎలాంటి ప్రశ్నలు వేస్తాడో హసనే టోజోలా కూర్చుని అడగాలి. ఒకసారి శత్రు నౌకతో తలపడి అందరూ చావు దగ్గరైందనుకున్నప్పుడు హసన్ కలం ఆగిపోయింది. నేతాజీ మాత్రం చెప్పిన వాక్యాన్నే రెండుసార్లు చెప్పాననీ, ఎందుకు రాయలేదనీ అడిగారు.

ఏప్రిల్ 28న మడగాస్కర్ దగ్గర అల్లకల్లోలంగా ఉన్న సముద్రంలో, రబ్బరు తెప్ప మీద తడిసి ముద్దయి, ఇద్దరూ జపాన్ జలాంతర్గామి ఐ-29లోకి మారారు. మే నెలలో సుమత్రా పక్కనున్న సబాంగ్‌లో నేల మీద కాలుపెట్టారు.

హసన్‌ను కట్టిపడేసింది ఇదేనని నా లెక్క. ఎక్కడికో చెప్పని మనిషి అదే ఇనప డబ్బాలో, అదే డీజిల్ రొట్టె తింటూ, అదే చావు ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాడు. దాచిన మాటకు ఆ పక్కన కూర్చోవడమే పరిహారం.

లీజియన్ సిపాయిలకు ఆ పరిహారం దక్కలేదు. 1943లో వాళ్లను నెదర్లాండ్స్ తీరానికి తరలిస్తామన్నప్పుడు కొందరు కదలమని మొండికేశారు. శిక్షలు పడ్డాయి. భారత్ కోసమని చేర్చి డచ్చి తీరానికి కాపలా పెట్టడమేమిటి? ఆ తర్వాత ఫ్రాన్స్ పశ్చిమ తీరం. 1944 ఆగస్టులో వాళ్లను ఎస్‌ఎస్‌లో కలిపేశారు. సింగపూర్‌లో ఆజాద్ హింద్ ఫౌజ్‌కు ప్రాణం పోసిన ప్రయాణం వెనక ఈ మిగిలిపోయినవాళ్ల ఖర్చు ఉంది. మన నేతాజీ కథల్లో ఆ పద్దు దాదాపు రాయరు. హవల్దారు గారి వైపు నేను మొగ్గింది ఇక్కడే. బయల్దేరిన తేదీ దాచడం భద్రత. ఏ యుద్ధానికి పిలిచామో దాచడం భద్రత కాదు.

తూర్పున హసన్ ఇంఫాల్ సరిహద్దు దాకా వెళ్లారు. ఆకలితో, జబ్బులతో వెనక్కి నడిచిన ఆ సైన్యం గురించి తర్వాత ది మెన్ ఫ్రమ్ ఇంఫాల్ అని రాశారు. 1945 ఆగస్టు 17న సైగాన్‌లో నేతాజీ వెంట ఉన్న కొద్దిమందిలో ఆయనా ఒకరు. జపాన్ విమానంలో నేతాజీ కాక ఇంకొక్కరికే చోటుంది. హబీబుర్ రెహమాన్ ఎక్కారు. జలాంతర్గామిలో తోడుగా వచ్చిన హసన్ నేల మీద ఉండిపోయారు. మర్నాడు తైహోకులో ఆ విమానం కూలింది.

నిర్బంధం ముగిశాక హసన్ స్వతంత్ర భారత విదేశాంగ సేవలో చేరారు. పేరు చివర సఫ్రానీ అని కలుపుకున్నారు. జెండాలో కాషాయం ఉండాలా, ఆకుపచ్చ ఉండాలా అని ఫౌజ్‌లో వాదులాట జరిగినప్పుడు ఒక ముస్లింగా కాషాయాన్ని తన పేరులోకి తీసుకున్నారని చెబుతారు. డెన్మార్క్‌లో రాయబారిగా చేసి, 1969లో విరమించి హైదరాబాద్ వచ్చేశారు. 1984లో అక్కడే కన్నుమూశారు.