రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి

మేం తొమ్మిదో తరగతిలో ఉండగా, నా పక్కన కూర్చునే అమ్మాయి ఒక సోమవారం పసుపు రాసిన శుభలేఖలు పట్టుకుని వచ్చింది. మాస్టార్లందరికీ ఇచ్చి, మాకు మిఠాయి పంచి వెళ్ళిపోయింది. మళ్ళీ బడికి రాలేదు. అప్పుడు అది మాకెవరికీ వింతగా తోచలేదు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి గురించి రాయమని సంచిక కమిటీ వారు అడగగానే నాకు గుర్తొచ్చింది ఆ సోమవారమే.

దుర్గాబాయి గారు 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. తండ్రి రామారావు గారు, తల్లి కృష్ణవేణమ్మ గారు. కాకినాడలో పెరిగారు. ఎనిమిదో ఏటనే పెళ్ళి చేశారు. ఊహ తెలిశాక ఆ కాపురం తనకు సరిపడదని భర్తకే నేరుగా చెప్పి విడిపోయారు. ఆ రోజుల్లో పదిహేనేళ్ళ పిల్ల అంత మాట అనడం సామాన్యం కాదు. ఆయన మరో పెళ్ళి చేసుకున్నారు. ఆయన పోయాక ఆ రెండో భార్యను ఆదరించి, తన సంస్థలోనే పని నేర్పించింది ఈవిడే. ఆమె జీవితంలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచే సంగతి ఇది.

1921లో గాంధీగారు కాకినాడ వచ్చినప్పుడు ఆమెకు పన్నెండేళ్ళు కూడా నిండలేదు. దేవదాసీలు, ఘోషాలో ఉండే ముస్లిం స్త్రీలు ఆయన మాట వినాలని పట్టుబట్టి, అయిదు వేల రూపాయలు పోగుచేసి, వాళ్ళకోసం విడిగా సభ పెట్టించారు. 1923 కాకినాడ కాంగ్రెస్ మహాసభలప్పుడు, ఖద్దరు ప్రదర్శన గుమ్మంలో టిక్కెట్టు లేదని నెహ్రూగారిని ఆపిన కథ మనందరం చిన్నప్పుడు విన్నదే. ఆ కథే పదేపదే చెప్పుకుని, దానికి వెనకున్న పనిని మరిచిపోతుంటాం. ఇంగ్లీషు చదువు మీద నిరసనగా తాను బడి మానేసి, హిందీ నేర్చుకుని, కాకినాడలోనే ఆడవాళ్ళకు హిందీ పాఠశాల నడిపారు. కన్నతల్లి కూడా ఆ బడిలో కూతురికి తోడుగా నిలిచారు.

అయితే బడి మానేసినందుకు మూల్యం చెల్లించారు. ఉప్పు సత్యాగ్రహం మొదలుకొని 1933 దాకా మూడుసార్లు జైలుకు వెళ్ళారు. బయటికి వచ్చాక, ఇరవై ఏళ్ళు దాటిన వయసులో, బెనారసు మెట్రిక్యులేషన్ పరీక్షకు మొదటినుంచీ చదువుకోవలసి వచ్చింది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆడపిల్లలకు హాస్టలు లేదంటే, చదవదలచిన అమ్మాయిలు రమ్మని పత్రికలో ప్రకటన వేయించి, తామే హాస్టలు నడుపుకున్నారు. 1942లో మద్రాసులో లా పట్టా పుచ్చుకున్నారు.

ఆంధ్ర మహిళా సభ మొదలైంది కూడా పిల్లలతోనే. 1937లో మద్రాసు మైలాపూరులో ఇరుగుపొరుగు చిన్నపిల్లలను చేరదీసి పెట్టిన చిన్న సంఘం అది. తర్వాత చదువు ఆగిపోయిన స్త్రీలను పరీక్షలకు తయారు చేయడం, వసతిగృహాలు, ఆసుపత్రి, పోలియో పిల్లలకు వైద్యం, హైదరాబాదులో కళాశాలలు – ఒక్కొక్కటే చేరాయి. చందాలకోసం ఎవరి గుమ్మమైనా ఎక్కేవారు. ఆమెతో వేగడం తేలిక కాదని కూడా పేరుంది. అంత పట్టు లేకపోతే ఇన్ని భవనాలు లేచేవి కావేమో!

రాజ్యాంగ సభ సభ్యత్వం, ప్లానింగ్ కమిషన్, 1953 జనవరిలో ఆర్థికమంత్రి చింతామణి దేశ్‌ముఖ్ గారితో వివాహం, 1975లో పద్మవిభూషణ్ – ఇవన్నీ పుస్తకాల్లో దొరుకుతాయి. పల్లెలకు చేరిన పని గురించి మాత్రం రెండు మాటలు చెప్పాలి. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. సుమారు పాతిక గ్రామాలకు ఒక ప్రాజెక్టు చొప్పున, బాలవాడి, గ్రామసేవిక, మంత్రసాని శిక్షణ ఏర్పాటు చేయించారు. కాలవగట్ల వెంట కూలికి పోయే తల్లులు పిల్లలను వదిలి వెళ్ళడానికి ఒక చోటు కావాలని ప్రభుత్వానికి అప్పటిదాకా తట్టలేదు. అంగన్‌వాడీలు వచ్చింది 1975లో. వాటికి ముందు నడిచినవి ఈ బాలవాడీలే.

1958లో ఆ బోర్డు మరో పథకం పెట్టింది. బడి మధ్యలో మానేసిన పెద్ద వయసు స్త్రీలను రెండేళ్ళలో పరీక్షకు తయారు చేసే కండెన్స్‌డ్ కోర్సు అది. పెళ్ళయి, పిల్లలు పుట్టి, భర్త పోయినవాళ్ళు మళ్ళీ పలకా బలపం దగ్గరికి రావడానికి దారి దొరికింది. ఆ దారి కష్టం ఆమెకు పుస్తకాల్లో చదివి తెలిసింది కాదు.

1981 మే 9న దుర్గాబాయి గారు కన్నుమూశారు. మా బెంచీ అమ్మాయి ఆ తరవాత కొన్నేళ్ళకు, ఇద్దరు పిల్లల తల్లిగా, అలాంటి కోర్సులోనే చేరి పదో తరగతి పాసైంది. అంగన్‌వాడీ టీచరుగా చేసి రిటైరైంది. మన బడి పదో తరగతి జాబితాల్లో ఆమె పేరు లేదు కనక, స్వర్ణోత్సవ ఆహ్వానం నేనే వెళ్ళి ఇచ్చి వచ్చాను.